సగం చెరువు, సగం డాలర్లు

2013 జూన్‌లో నన్ను మా బ్యాంకు మచిలీపట్నం శాఖలో విదేశీ మారకపు విభాగానికి అధికారిగా వేశారు. హోదా స్కేల్-టూ. అంటే మేనేజర్ అని పిలిపించుకోవచ్చు, మేనేజర్ గదిలో మాత్రం కూర్చోకూడదు. విభాగం అన్నది ఉత్తర్వులో మాట. నిజానికి అక్కడున్నవి ఒక బల్ల, ఒక కంప్యూటర్, బ్యాంకు తరఫున డాలర్లు కొని అమ్మే ముంబైలోని మా ట్రెజరీతో మాట్లాడే ఫోను, నేను. విదేశీ మారకంలో రోజూ అన్నీ మారేవి, చెయ్యి విరిగిన నా కుర్చీ తప్ప.

నేను చేరేసరికే రూపాయి జారడం మొదలైంది. నాకూ దానికీ సంబంధం లేదంటే మా ఆవిడ కూడా పూర్తిగా ఒప్పుకోలేదు. రూపాయి పడటమంటే ఒక డాలరు కొనడానికి నిన్నటికంటే ఎక్కువ రూపాయలు కావలసి రావడం. దేశం బయట కొనే చమురుకు ఎక్కువ కట్టాలి, బయట అమ్మే సరుకుకు ఎక్కువ వస్తుంది. ఈ రెండూ చూడటానికి మా జిల్లా దాటి వెళ్లక్కర్లేదు. పాలకాయతిప్ప వైపు వేట పడవలవాళ్లు డీజిల్ ధర చూసుకుని ఏ రోజు సముద్రంలోకి వెళ్లాలా అని లెక్కలేసుకునేవారు. అదే రోజు కృత్తివెన్నులో రొయ్యల రైతు టీవీలో డాలరు రేటు చూసి రెండో కాఫీ అడిగేవాడు. కరెంటు పోతే తన చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు తిరిగేదీ ఆ డీజిల్‌తోనేనని, మేతలో పడే సోయా ధర కూడా డాలరు వెంటే నడుస్తుందని అతనికి మేత బిల్లు వచ్చాక గుర్తొచ్చేది.

నా బల్లకు వచ్చే ఖాతాదారుల్లో రత్నకుమారి గారు ముఖ్యులు. గుడివాడ శివార్లలో ఆవిడకు రొయ్యలు శుభ్రం చేసి, గడ్డకట్టించి అమెరికాకు పంపే చిన్న ఫ్యాక్టరీ ఉంది. తలలు తీసేందుకు, పొట్టు ఒలిచేందుకు చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు వచ్చేవారు. ఆగస్టులో ఆవిడకు పెద్ద ఆర్డరు తగిలింది. డబ్బు మాత్రం మూడు నెలల తర్వాత, డాలర్లలో వస్తుంది. రైతులు ఈనాటి డాలరును బట్టి ధర అడుగుతున్నారు. ఆ ధరకు కొన్నాక, డాలర్లు చేతికొచ్చే వేళకు రూపాయి కోలుకుంటే తేడా అంతా ఆవిడ మీదే పడుతుంది. ఒక్క దెబ్బ పడినా ఫ్యాక్టరీకి తాళం పడుతుందని ఆవిడ చెప్పనక్కర్లేదు, బ్యాలెన్స్ షీటు నా దగ్గరే ఉంది.

దీనికి మా దగ్గరున్న మందు పేరు ఫార్వర్డ్ కాంట్రాక్టు. మూడు నెలల తర్వాత వచ్చే డాలర్లకు ఈ రోజే ధర కుదుర్చుకోవడం. ఆర్డరు కాగితం చూపిస్తేనే బుక్ చేస్తాం. ఆ తర్వాత బజారు ఎటు పోయినా బ్యాంకు ఆ ధరే ఇవ్వాలి, ఎగుమతిదారు ఆ ధరకే డాలర్లు అప్పగించాలి. రేటు పెరుగుతుందో తగ్గుతుందో మాత్రం అధికారి జోస్యం చెప్పకూడదు. ఇది నాకు చాలా అనుకూలమైన నిబంధన.

రూపాయి మరీ కిందికి జారిన వారంలో ఆవిడ వచ్చారు. వెంట కృత్తివెన్ను రైతు సుబ్బారావు గారు. ఆవిడ కొనాల్సిన సరుకులో పెద్ద వాటా ఆయన చెరువుదే. డాలరు ఇంకా పెరుగుతుందని ఆయన చెరువు పట్టడం వాయిదా వేస్తూ వచ్చారు. ఆ తీరంలో ఆ నెల అందరూ చేసిన పనే అది. చెరువులో రొయ్యలు పెంచడం మానేసి డాలర్లు పెంచుతున్నట్టుండేది. వచ్చే వారం అమావాస్య. అమావాస్యకు రొయ్య పెంకు విడుస్తుంది. ఒళ్లు మెత్తబడిన రొయ్యకు ధర కోస్తారు.

"ఇయ్యాళ టీవీలో ఉన్న డాలరు లెక్కన ఇచ్చెయ్ చెల్లెమ్మా, రేపే వల దించుతా," అన్నారాయన.

"టీవీలో డాలరు నాకు నవంబరుదాకా రాదు అన్నయ్యగారూ. అప్పుడు టీవీ ఏం చెబుద్దో మీకు తెలుసా?"

"నాకేం తెలుసు? ఈయనకి తెలుసుద్ది, జీతమిచ్చి కూచోబెట్టారుగా," అని నావైపు తిరిగారు.

తెలిస్తే ఈ కుర్చీకి చెయ్యి వేయించుకునేవాణ్ణి కదండీ అన్నాను. ఇద్దరూ నవ్వలేదు.

కొంతసేపటికి సుబ్బారావు గారే మెత్తబడ్డారు. "సగం పట్టేస్తా. ఉన్నవాటికి చోటు దొరికి మిగతావి ఒళ్లు చేస్తాయి. ఈ సగానికి ధర ఖాయం చెయ్యి. ఆ సగం సంగతి ఆ రోజు చూసుకుందాం." చెరువంతా ఒక్కసారే పట్టకుండా పలచన చేయడం అక్కడ మామూలే. డాలర్లను కూడా అలాగే పలచన చేయవచ్చని నేను రత్నకుమారి గారికి చెప్పాను. ఆర్డరులో సగం బుక్ చేస్తే, ఆ ధర చూసుకుని ఈ సగం సరుకుకు మాట ఇవ్వవచ్చు.

ముంబైకి ఫోను కలిపాను. ట్రెజరీ వాళ్లు చెప్పే రేటు ఆ క్షణానికే. లైనులో ఉండగానే ఔననాలి, లేకపోతే మళ్లీ అడగాలి. రేటు ఆవిడకు వినిపించాను. ఆవిడ సుబ్బారావు గారిని చూశారు. ఆయన ఫ్యాను వైపు చూశారు. "చేసెయ్యండి," అన్నారావిడ. నేను "డన్" అన్నాను. నా ఉద్యోగంలో ఇంతకంటే తక్కువ మాటలతో ఇంత పెద్ద పని ఎప్పుడూ చేయలేదు.

రూపాయి ఇంకా పడింది. ఆ ఒకటి రెండు రోజులూ రూపాయి కింద పడటం ఆలస్యం, నాకు మాటలు పడేవి. "తొందరపెట్టారండీ మీరు," అని రత్నకుమారి గారు ఫోన్ చేశారు. గుడివాడలో తోటి ఎగుమతిదారులు ఆవిడను అంతకంటే ఎక్కువే అన్నారట. సుబ్బారావు గారు మాత్రం అమావాస్యకు ముందే గట్టి సరుకు సగం తోలి, ఒప్పుకున్న ధర తీసుకున్నారు.

సెప్టెంబరులో రూపాయి లేచింది. మిగతా సగం చెరువుకు ఆయనకు ధర కొంత తగ్గింది. రొయ్య సైజు పెరిగింది గనుక చాలావరకు సర్దుకుంది. నవంబరులో ఆవిడ డాలర్లు వచ్చాయి. బుక్ చేసిన సగానికి ఆగస్టులో కుదిరిన ధర ఇచ్చాం, మిగతా సగానికి ఆ రోజు రేటు. రెండూ కలిపితే రైతులకు ఇచ్చింది పోను ఫ్యాక్టరీ నడిచేంత మిగిలింది. డాలరు ఇంకా పెరుగుతుందని ఏమీ బుక్ చేయకుండా చూసి చూసి, తాళం వేసుకున్న వాళ్లూ ఆ ఏడాది ఉన్నారు.

"మొత్తం బుక్ చేయించలేదేంటండీ?" అన్నారావిడ ఆ రోజు.

"రూపాయి ఇంకా పడుంటే, ఆ సగమైనా ఎందుకు చేయించారని అడిగేవారు."

"అడిగేదాన్నే," అని ఒప్పుకుని సంతకం పెట్టారు.

ఫార్వర్డ్ కాంట్రాక్టు లాభం తెచ్చే యంత్రం కాదని శిక్షణలో చెప్పారు. అప్పుడు నేను రాసుకున్నాను, అంతే. అది ఒకరికిచ్చిన మాటకు సరిపడా ధరను పక్కన పెట్టడమని ఆ బల్ల దగ్గరే అర్థమైంది. ఎంత బుక్ చేయాలన్నది డాలరును చూసి తేలదు, మాటను చూసి తేలుతుంది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా డాలరు పెరుగుతుందా అని ఎవరడిగినా నేను తిరిగి ఒకటే అడిగేవాణ్ణి: మీరు ఎవరికి, ఏ ధరకు మాటిచ్చారు?