మిట్టమధ్యాహ్నం చల్లబడిన రూటర్

2024 ఏప్రిల్. కళ్యాణదుర్గం బస్టాండు వెనక సందులో నాకొక చిన్న షాపు ఉంది. సీసీ కెమెరాలు, ఇన్వర్టర్లు, ఇంటర్నెట్ కనెక్షన్లు, రూటర్లు అన్నీ చూస్తాను. ఊళ్లో నన్ను నెట్ బాషా అంటారు. ఇన్నేళ్ల పనిలో పిడుగుపాటుకు మాడిపోయిన రూటర్లు చూశాను, ఎలుకలు కొరికేసిన కేబుళ్లు చూశాను, చీమలు కాపురం పెట్టిన పెట్టెలు కూడా విప్పాను. ఇక నన్ను బెదరగొట్టేది ఏదీ మిగల్లేదని అనుకునేవాడిని. ఆ ఏప్రిల్లో ఒక ఇంట్లో చూసినది మాత్రం నన్ను బెదరగొట్టింది.

ఆ ఇల్లు సుజాతది. కళ్యాణదుర్గం నుంచి షేర్ ఆటోలు పోయే పల్లె. పాతకాలపు రాతి గోడలు, పైన మిద్దె. సుజాత బెంగళూరు కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే ఫోన్లో మాట్లాడే ఉద్యోగం చేస్తుంది. కన్నడ సరిహద్దున ఉన్న మా వైపు పిల్ల కాబట్టి తెలుగు ఎంత ధారాళమో కన్నడమూ అంతే. ఆ ఉద్యోగం వచ్చిందే దానివల్ల. భర్త బళ్లారి పక్క జేసీబీ నడుపుతాడు, వీలైనప్పుడు వచ్చి పోతుంటాడు. మిగతా రోజుల్లో ఇంట్లో ఉండేది సుజాత, ఆమె అత్త నారాయణమ్మ, ఇద్దరే.

వాళ్లకు చీనీ తోట ఉంది. బయటివాళ్లు బత్తాయి అంటారు, మాకు మాత్రం చీనీ. ఆ ఏడు బోరు పూర్తిగా ఎండిపోయింది. సుజాత జీతంతో ట్యాంకర్ నీళ్లు కొని చెట్లకు పోయిస్తున్నారు. వేరుశనగ పోతే తిట్టుకుంటూ మళ్లీ ఏడు విత్తుకుంటాం. చీనీ చెట్టు ఒక్క వేసవి ఎండితే అంతే సంగతులు, మళ్లీ నాటి కాపుకొచ్చేదాకా ఏళ్లకేళ్లు సాకాలి. ఆ ఇంట్లో నెట్ ఆగితే ఉద్యోగం ఆగుతుంది, ఉద్యోగం ఆగితే ట్యాంకరు ఆగుతుంది. అందుకే సుజాత ఫోన్ వస్తే నేను తింటున్న అన్నం వదిలేసి అయినా ఎత్తేవాడిని.

రూటర్‌ను లోపల నుంచి నడిపించే సాఫ్ట్‌వేర్‌ను ఫర్మ్‌వేర్ అంటారు. తయారీదారు ఇచ్చినది తీసేసి, బయట ఔత్సాహికులు రాసి పంచిపెట్టేది ఎక్కిస్తే అది కస్టమ్ ఫర్మ్‌వేర్. సుజాత ఇంట్లో నేను అదే వేశాను. ఎన్ని ఫోన్లు నెట్ వాడుతున్నా ఆమె ఆఫీసు కాల్‌కే ముందు దారి ఇచ్చేట్టు, ఫైబర్ లైను తెగితే సిమ్ కార్డు నెట్‌కు తనంతట తానే మారేట్టు అందులో పెట్టుకోవచ్చు. రూటర్ నడవలో, గోడ గూట్లో ఉంటుంది. సుజాత కూర్చునేది లోపలి గదిలో. వైరు లాగుదామంటే నారాయణమ్మ ఒప్పుకోలేదు. "మా మామ పేర్చిన గోడ, దానికి బొక్క కొట్టేది లేదు" అంది. సరే, వైఫై చాల్లే అనుకున్నాం.

ఏప్రిల్ మొదట్లో కంపెనీవాళ్లు భద్రత కోసం అందరి రూటర్లకూ కొత్త అప్‌డేట్ ఉండి తీరాలన్నారు. నేను వెళ్లి కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించి వచ్చాను. కష్టాలు అప్పటి నుంచి మొదలు.

"బాషన్నా, ఏం చేసిపోతివో ఏమో, గోడ ఇవతలకు సిగ్నలే రాలేదు. నా మాట అవతలోళ్లకు ముక్కలు ముక్కలుగా పోతాండాది. శుక్రవారం రివ్యూ ఉండాది నాకు. ఆ పొద్దు లైను తెగిందంటే తీసేస్తామని మెయిల్ పెట్టినారు."

రివ్యూ అంటే పైవాళ్లు ఆమె కాల్స్‌ను అప్పటికప్పుడు వింటూ పని తూకం వేయడం. అది మధ్యాహ్నం షిఫ్టులో ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే పోయి చూస్తే తప్పు కనబడింది. అప్‌డేట్‌లో కంట్రీ కోడ్ చెరిగిపోయింది. తాను ఏ దేశంలో ఉన్నదో తెలియని రూటర్ అత్తారింటికొచ్చిన కొత్త అల్లుడిలా గొంతు తగ్గించుకుంటుంది, సిగ్నల్ బలం దానంతట అదే పడిపోతుంది. ఇండియా అని పెట్టాను. ఎట్లాగూ రాతి గోడ దాటాలి కదా అని ట్రాన్స్‌మిట్ పవర్, అంటే సిగ్నల్ వదిలే బలం, ముందున్నదానికంటే బాగా పెంచాను. స్పీడ్ టెస్ట్ చేస్తే ముల్లు ఎగిరింది.

"అన్నా, పరిగెత్తుతాండాది!" అని సుజాత చప్పట్లు కొట్టింది. నేను కాలర్ సర్దుకుని, నారాయణమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, గొప్పగా బండెక్కాను.

ఆ మధ్యాహ్నమే మళ్లీ ఫోన్. పొద్దున పరిగెత్తినది ఎండ ముదిరేసరికి కుంటుతోందట. నాకు మండింది. ఈ కొత్త ఫర్మ్‌వేర్‌లోనే పురుగు ఉందని తీర్మానించుకుని, మళ్లీ పొద్దున్నే పోయి పాత ఫర్మ్‌వేర్ వెనక్కి ఎక్కించాను. సెట్టింగులన్నీ చేత్తో పెట్టి, పవర్‌ను ఈసారి పూర్తిగా పైకి తోశాను. పొద్దున అంతా బంగారం. మధ్యాహ్నం మళ్లీ పాత పాటే, ఇంకా చెప్పాలంటే ముందుకంటే అధ్వానం. కొత్తది పెట్టినా పాతది పెట్టినా ఒకటే రోగమంటే ఏం చేయాలి? నాకు తెలిసిన విద్యంతా అయిపోయినట్టు అనిపించింది.

ఇక షాపులో కూర్చుని, దూరం నుంచే ఆ రూటర్‌లోకి వెళ్లి లాగ్ చూడటం మొదలుపెట్టాను. లాగ్ అంటే పెట్టె తనకు జరిగినదంతా తానే రాసుకునే దినచర్య. మధ్యాహ్నం ఒక సమయానికి సుజాత కంప్యూటర్‌కు అందే సిగ్నల్ ధబీమని పడిపోతోంది. అది తెలిసిందే. దాని పక్కన పెట్టె లోపలి వేడి చూపించే గీత ఉంటుంది. అది చూసి నా కళ్లు నేనే నమ్మలేదు. వేడి తగ్గుతోంది! బయట రోడ్డు మీద కుక్క కూడా కనబడని ఎండ. నా షాపులో రూటర్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. ఆ ఇంట్లో ఫ్యాను కూడా లేని నడవలో, సరిగ్గా సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి పెట్టె చల్లబడుతోంది. ముందు సెన్సార్ చెడిందనుకున్నాను. పొద్దునా సాయంత్రం మాత్రం అది సరిగ్గానే చూపిస్తోంది. దయ్యాల్నీ భూతాల్నీ నమ్మే మనిషిని కాను గానీ, ఒళ్లు ఝల్లుమన్న మాట నిజం. నేను పోయినప్పుడంతా పొద్దున్నే పోయానని అప్పుడు తట్టింది.

మర్నాడే శుక్రవారం, రివ్యూ రోజు. ఎండలో తలకు తువ్వాలు చుట్టుకుని మధ్యాహ్నానికి ఆ ఇంటికి చేరాను. వీధి తలుపు ఓరగా తీసి ఉంది. లోపలి గది తలుపు మూసి ఉంది. దాని వెనక నుంచి సుజాత కన్నడంలో ఎవరికో నెమ్మదిగా నచ్చజెబుతున్న గొంతు వినిపిస్తోంది. నడవలోకి అడుగుపెట్టి నిలబడిపోయాను.

గూట్లో రూటర్ కనబడలేదు. రూటర్ ఉండాల్సిన చోట రెండు తడి తువ్వాళ్లు, యాంటెనా కొమ్ములతో సహా చుట్టి ఉన్నాయి. మనం తాగునీళ్ల కడవకు ఎండాకాలం తడిగుడ్డ చుడతామే, అచ్చం అట్లాగే. నారాయణమ్మ దాని ముందు నిలబడి చెంబుతో నీళ్లు చిలకరిస్తోంది. నీళ్లు తువ్వాళ్ల కొసల నుంచి అడాప్టర్ వైరు మీదుగా జారి, కింద పీట మీదున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద బొట్టుబొట్టుగా పడుతున్నాయి. బోర్డు మీద ఎర్ర లైటు వెలుగుతోంది. ఆమె కాళ్లకు చెప్పుల్లేవు. కింద కడప బండల మీదంతా నీళ్లే.

"అవ్వా! చెయ్యి తీ! దేన్నీ ముట్టుకోవద్దు!"

నా గొంతు నాకే గుర్తుపట్టలేనంతగా వచ్చింది. ఆమె అదిరిపడి, చెంబు పట్టుకుని అట్లాగే నిలబడింది. ఆమెను పట్టుకుని లాగడానికి నాకు ధైర్యం చాలలేదు, అప్పటికే కరెంటు పాకి ఉంటే ఇద్దరం పోతాం. తలుపు పక్కనున్న మెయిన్ స్విచ్ కిందికి లాగాను. ఎర్ర లైటు ఆరలేదు. రూటర్ ఆగకూడదని ఆ బోర్డును ఇన్వర్టర్‌కు కలిపింది నేనే! పరిగెత్తి ఇన్వర్టర్ కూడా ఆపాను. అప్పుడు ఆరింది.

లోపలి గదిలోంచి "హలో... హలో... సార్, కేళిస్తా ఇదియా?" అని, వినబడుతోందా అని కన్నడంలో అడుగుతున్న సుజాత గొంతు వచ్చి, ఆగిపోయింది. నేనేం చేశానో నాకు అప్పుడు తెలిసింది. తెగకూడని రోజున తెగకూడని లైనును నా చేత్తోనే తెంచాను.

తలుపు ధడాలున తెరుచుకుంది. "ఎవురు ఆపినది? ఎవురబ్బా ఆపినది? రివ్యూలో ఉంటి! నా పని పాయె!" అంటూ వచ్చిన సుజాత నన్ను చూసింది, తువ్వాళ్లు చూసింది, తడిసిన బోర్డు చూసింది, అత్త కాళ్ల కింద నీళ్లు చూసింది. మెల్లగా వచ్చి అత్త చేతిలోంచి చెంబు తీసుకుని, గోడకు ఆనుకుని కూలబడిపోయింది.

నారాయణమ్మకే ఏమీ అర్థం కాలేదు. "ఏమప్పా బాషా, ఏమట్ల అరిస్తివి? పానం పోయె నాకు."

"ఏం చేస్తాండావవ్వా నువ్వు?"

"సల్లబెడతాండా. నువ్వు బాగుచేసి పోయినకాడ్నించి దుమ్ము తుడుద్దామని సెయ్యి పెడితే పెనం మాదిరి కాలతాండె. పోయినేడు తోటకాడ బోరు మోటరు స్టార్టరు డబ్బా ఇట్లనే ఎండకు కాలి కాలి మాడిపాయె. అది బాగయ్యేలోపల ఒక వరస చెట్లు ఎండిపాయె. తడి గోనెపట్ట కప్పింటే మిగుల్తాండెనేమో అని ఎంత ఏడిస్తినో. ఇది గూడా మాడిపోతే ఆయమ్మ పని యాడ, చెట్లు యాడ?"

జరిగినదంతా నాకు అప్పుడు అర్థమైంది. సిగ్నల్ చాలలేదని పవర్ పెంచింది నేను. పవర్ పెరిగి పెట్టె కాలింది. కాలిందని ఆమె తడిగుడ్డ చుట్టింది. వైఫై సిగ్నల్‌కు నీళ్లు పడవు, తడి దేన్నైనా దాటేటప్పుడు సగం అక్కడే ఇంకిపోతుంది. ఆపైన రాతి గోడ. సిగ్నల్ పడిందని నేను పవర్ ఇంకా పెంచాను. పెట్టె ఇంకా కాలింది. ఆమె రెండో తువ్వాలు తెచ్చింది. సాయంత్రం చల్లబడగానే విప్పి ఆరేసేది, అందుకే షిఫ్టు ముగించి వచ్చే సుజాతకు కనబడలేదు. ఇంకొక్క రోజు ఆలస్యమయ్యుంటే మేమిద్దరం కలిసి ఒక మనిషిని చంపుకునేవాళ్లం.

ఆ సంగతి నెమ్మదిగా చెప్పాను. సిగ్నల్ మాట వినేసరికి నారాయణమ్మ ముఖం పాలిపోయింది. కరెంటు సంగతి ఆమె చెవికి ఎక్కనేలేదు. "అంటే... లైను తెగేది నావల్లనా? ఈయమ్మ పని పోయేది నావల్లనా?"

సుజాత లేచి ఆమె తడి చేతులు రెండూ పట్టుకుంది. "పని పోతే పోనీలే అత్తా. నువ్వు సచ్చిపోతాంటివి. నేను పొద్దస్తమానం గాల్లో మాట్లాడ్తాంటానని గొణుగుతాంటివి గదా, ఈ పని అంటే నీకు గిట్టదనుకుంటి నేను."

"గొణిగితే? గొణిగితే గిట్టదనా?" అంది నారాయణమ్మ. ఇద్దరూ ఏడ్చారు. నేను బోర్డు తుడుస్తున్నట్టు నటించాను.

తర్వాత సుజాత ఫోన్లోంచి మేనేజరుకు కాల్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఇట్లాంటి కథలు రోజూ వింటూనే ఉంటామన్నాడాయన. ఆమె వీడియో ఆన్ చేసి గూడు చూపించింది, తువ్వాళ్లు చూపించింది, బండల మీద నీళ్లు చూపించింది. నారాయణమ్మ మధ్యలో దూరి ఫోనుకు దండం పెట్టింది. "తప్పు నాది సామీ. ఆ పిల్లను ఏమీ అనొద్దు." అప్పుడు మేనేజరు, ముందు ఆ పెద్దావిడను పొడి నేల మీద నిలబెట్టమని, రివ్యూ సోమవారం చేద్దామని అన్నాడు. సోమవారం రివ్యూ అయింది. ఉద్యోగం నిలిచింది.

ఆ రెండు రోజుల్లో బోర్డు, అడాప్టరు మార్చాను. రూటర్‌ను గాలి తగిలే చోట ఎత్తుగా బిగించి, కొత్త ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కించి, పవర్ తగ్గించాను. గోడకు రంధ్రం కొట్టమని చెప్పింది నారాయణమ్మే. వైరు నేరుగా సుజాత కంప్యూటర్‌కు పోయింది.

పోయేముందు ఉండబట్టలేక అడిగాను. "అవ్వా, ఇన్నిసార్లు వచ్చిపోతి గదా, గుడ్డ చుడతాండానని ఒక్క మాట చెప్పకూడదా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "నువ్వు అడిగితివా? వచ్చినప్పుడంతా ఆయమ్మనే అడుగుతివి. ఎప్పుడు ఆగతాది, ఎట్ల ఆగతాదని. నేను మజ్జిగ గలాసు పట్టుకోని నీ పక్కనే నిలబడుకోని ఉంటి గదప్పా."

తల వంచుకుని బండి తీశాను. అప్పటి నుంచి ఏ ఇంటికి పోయినా ల్యాప్‌టాప్ తెరిచేముందు ఒకటే అడుగుతాను. నెట్ వాడేది ఎవరని కాదు, ఈ పెట్టెను చూసుకునేది ఎవరని. చాలా ఇళ్లలో వంటింట్లోంచో దొడ్లోంచో చేతులు తుడుచుకుంటూ ఒకరు వస్తారు. నెట్ అంటే ఏమిటో వాళ్లకు తెలియకపోవచ్చు. అది ఆగితే తమ ఇంట్లో ఏమేం ఆగిపోతాయో మాత్రం నాకంటే బాగా తెలుసు.