బావ పాటా, సెల్‌ఫోన్ల బుట్టా
మొన్న విజయనగరంలో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతూ ఉంటే, గోడవారన ఉన్న నల్ల పెట్టె ఉన్నట్టుండి పాట అందుకుంది. నేనేదో ముట్టుకున్నానేమోనని గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తీరా చూస్తే, పాట పెట్టింది వంటింట్లో ఉన్న మా అమ్మాయి, తన ఫోన్లోంచి. సద్దు తగ్గించింది మేడ మీద ఉన్న అల్లుడు, తన ఫోన్లోంచి. మధ్యలో ఉలిక్కిపడి కాఫీ ఒలకబోసుకున్నది నేను. నా ఈడువాళ్లకి ఈ అయోమయం గురించి వేరే చెప్పక్కర్లేదు. కానీ అలాంటి పెట్టెను చూస్తే నాకు గుండె జారడానికి ఇంకో కారణం ఉంది. అది ఆమదాలవలసలో మా చర్చిలో ఓ ఆదివారం నాడు నేను పడిన అవస్థ.

నేను రైల్వే కేబిన్‌లో లీవర్లు లాగి లాగి జుట్టు నెరిసినవాణ్ణి. ఇక్కడ లీవరు లాగితే అల్లంత దూరాన సిగ్నలు రెక్క వాలేది. ఏ లీవరు ఏ సిగ్నలుదో నంబరు వేసి ఉండేది, ఒకటి లాగి ఉండగా దానికి అడ్డొచ్చే మరొకటి ఎంత బలవంతుడు పట్టుకు వేలాడినా కదిలేది కాదు. యంత్రాలు తెలిసినవాడు కదా అని, రిటైరయ్యాక సంఘంవారు చర్చి మైకు సెట్టు నా చేతిలో పెట్టారు. క్యాసెట్లు పోయి సీడీలొచ్చినా, సీడీలు పోయి పెన్‌డ్రైవులొచ్చినా నా పరువుకి లోటు రాలేదు. రెండు వేల పదిహేను దాటాక, అందరి చేతుల్లోకీ టచ్ ఫోన్లొచ్చిన ఆ రోజుల్లో, గాయక బృందంలోని ఆడవాళ్లు పట్టుబట్టి బ్లూటూత్ పెట్టె కొనిపించారు. దాంతో నా పని అయిపోయింది.

దాన్ని ఫోన్లోంచి ఆడించవచ్చు, అరచేతిలో ఇమిడే రిమోటుతో ఆడించవచ్చు, దాని మీదున్న మీటలు నొక్కీ ఆడించవచ్చు. ముగ్గురు కామందులున్న పాలేరు ఎవరి మాట వింటాడో ఎలా చెప్పగలం? పైగా అందులో ఓ ఆడగొంతు దాక్కుని ఉండేది. ఏ ఫోను కలిసినా 'కనెక్టెడ్' అని ఇంగ్లీషులో చెబుతుందే గాని, ఎవరి ఫోనో చెప్పదు. శనివారం పాటల అభ్యాసానికి వచ్చిన ప్రతివాళ్లూ తమ ఫోను దానికి కలుపుకున్నారు. ఒకసారి కలిసిన ఫోన్లను అది మరిచిపోదని, దగ్గరికొస్తే తనంతట తనే అందుకుంటుందని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా నాకర్థమయ్యేదన్న నమ్మకమేమీ లేదనుకోండి.

ఇక మా అప్ప సంగతి చెప్పాలి. మా వైపు అక్కని అప్ప అంటాం. మా బావ ఏ వాయిద్యమూ లేకుండా కీర్తన ఎత్తుకుంటే చర్చి వెనక రోడ్డు మీద పోయేవాళ్లు కూడా సైకిలు దిగేవారు. ఆయన పోయాక అప్ప కోటబొమ్మాళిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. అక్కడే ఆమె చెవులు మందగించాయి. శ్రీకాకుళంలో డాక్టరు పరీక్ష చేసి, ఉన్న కాస్తా కూడా ఎన్నాళ్లో నిలవదన్నాడు. బావ పోవడానికి కొద్ది నెలల ముందు, కూతురి ఫోను పట్టుకుని అప్పే ఆయన పాట ఒకటి రికార్డు చేసింది. అది మేనకోడలు నాకు పంపింది. ఆ ఫోను అప్ప చెవికి ఆనించి ఎంత గట్టిగా పెట్టినా ఆమెకి వినబడలేదు. బావ పోయి ఏడాది నిండిన జ్ఞాపకార్థ కూడిక ఆదివారం ఆరాధనలోనే పెట్టుకున్నప్పుడు, అప్ప నా చెయ్యి పట్టుకుని, "ఒరే తమ్ముడా, ఆ గుళ్లో పెద్ద పెట్టిలోనైనా ఆయన గొంతు నాకోపాలి ఇనిపించరా. ఇంక నాకేటీ అక్కర్నేదు" అంది. ఓస్ ఇంతే కదా అనేశాను. నా నోటికి తొందరెక్కువ.

ఆ రోజుల్లోనే, ప్రార్థన మధ్యలో ఫోన్లు మోగుతున్నాయని సంఘ పెద్ద ఒకాయన మండిపడి కొత్త కట్టడి పెట్టాడు. గుమ్మం దగ్గరే అందరూ ఫోన్లు నోరు మూయించి వెదురు బుట్టలో వెయ్యాలి. నేను ఆదివారం పొద్దున్నే నా ఫోను పెట్టెకి కలిపి, పాట సిద్ధంగా ఆపి ఉంచి, నియమం నియమమే కదా అని బుద్ధిగా దాన్నీ బుట్టలో వేసేశాను. రిమోటు చేతిలో ఉండగా ఫోనుతో పనేమిటని నా ధీమా. ఇక బుట్ట ఎక్కడ పెడితే భద్రం? అందరి కళ్ల ముందూ ఉండాలని, నా మైకు సెట్టు బల్ల మీద, సరిగ్గా ఆ పెట్టె పక్కనే పెట్టారు.

పాస్టరుగారు బావ గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, కళ్లు మూసుకుని, నాకు సైగ చేశారు. ముందు వరసలో కుర్చీలో కూర్చున్న అప్ప చెవి వెనక అరచెయ్యి పెట్టుకుంది. నేను రిమోటు నొక్కాను. పెళ్లి ఊరేగింపులో ఎగిరే పాట, డప్పులతో సహా, చర్చి దద్దరిల్లేలా మొదలైంది. ఆపబోయి ఇంకేదో నొక్కితే దాని తమ్ముడిలాంటి పాట వచ్చింది. చెవిటితనం మీద గట్టిగా మాట్లాడ్డం అలవాటైన అప్ప, "ఇదేటిరా? మీ బావ ఇలాగ పాడినాడేటి?" అని అందరికీ వినబడేలా అడిగింది. 

రిమోటు పారేసి పెట్టె మీదున్న మీటే నొక్కాను. పాట ఆగింది. హమ్మయ్య అనుకుంటూ మళ్లీ నొక్కేసరికి, స్పీకర్లలోంచి ఓ ఆడమనిషి గొంతు ఖంగుమంది: "ఏటయ్యా, ఇంకా అవ్వనేదా? ఇక్కడ సేపల పులుసు సల్లారిపోతన్నాది!" బుట్ట కట్టడి పెట్టిన పెద్దాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ గొంతు ఆయన భార్యది. శనివారం అభ్యాసంలో కలుపుకున్న ఆయన ఫోను నోరు మూసుకుని లోలోపల మోగుతుంటే, నా మీట ఆ పిలుపు అందుకుందన్నమాట. ఇదంతా, ఆ పెళ్లి పాటలు బుట్టలోని ఇంకెవరి ఫోన్లోవో అన్నదానితో సహా, నాకు తరవాత ఎవరో విడమరిచి చెప్పారు గాని, అప్పుడు మాత్రం చేపల పులుసు మా బావ పాటలోకి ఎలా దూరిందో తెలియక గుడ్లప్పగించి చూశాను.

ఆడవాళ్ల వైపు నుంచి మా ఆవిడ లేచి, "ముందు ఆ బుట్ట బయటపెట్టండి" అంటూ తానే ఎత్తుకుని గుమ్మం దాటింది. గొంతు ముక్కలు ముక్కలై ఆగిపోయింది. ఇక దారి చిక్కిందని రిమోటు నొక్కాను, మీట నొక్కాను, పెట్టెని ఒకటి చరిచాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఎందుకు పాడదు? ఇప్పుడేమైంది దీనికి? ఎంత ఆలోచించినా బుర్రకెక్కలేదు. అప్ప కాసేపు చూసి, చెవి దగ్గర చెయ్యి దించేసి, చీర కొంగు సర్దుకుని లేచింది. "వద్దులేరా నాయినా. నా సెవులకి రాత నేదు. రైలేళయిపోతన్నాది" అంది. ఆ మాటలో కోపమున్నా బాగుండేది.

అప్పుడు వెలిగింది నాకు. పాట ఉన్న నా ఫోను కూడా ఆ బుట్టలోనే బయటికి పోయింది! చెప్పులైనా లేకుండా పరిగెత్తి, బుట్టంతా కెలికి, నా ఫోను ఒక్కదాన్నే పట్టుకొచ్చి, ఆ 'కనెక్టెడ్' గొంతు వినబడే దాకా ఊపిరి బిగబట్టి, వేలితో తాకాను. బావ ఎత్తుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లిన అప్ప అక్కడే నిలబడిపోయింది. ఒక్కో అడుగే వేసుకుంటూ వెనక్కి వచ్చి, స్పీకరుకి చెంప ఆనించి కళ్లు మూసుకుంది.

పాట అయిపోయింది. ఎప్పుడూ నేను అక్కడ ఆపేసేవాణ్ణి. ఆ రోజు అప్పనే చూస్తూ ఆపడం మరిచాను. ఓ క్షణం తరవాత బావ గొంతే మళ్లీ, మామూలుగా మాట్లాడినట్టు, "ఒసే, పాట ఫోన్లో పడ్డాదేటి?" అంది. అంతటితో రికార్డు తెగిపోయింది.

అప్ప కళ్లు తెరవకుండానే, "పడ్డాదయ్యా. శానా బాగా పడ్డాది" అంది.

స్టేషనులో రైలు కోసం నిలబడి ఉండగా అప్ప చెప్పింది: ఆ వేళ ఫోను ఎలా ఆపాలో తెలియక తికమకపడుతూ తాను, ఆయన అడిగినదానికి జవాబు చెప్పలేదట, పొయ్యి మీద అన్నం మాడుతోందని లోపలికి పోయిందట. ఏడాదిగా అదే మనసులో మెదులుతోందట.

ఆ ఏడు వానాకాలం వెళ్లేలోగానే అప్పకి పూర్తిగా వినబడకుండా పోయింది. ఇప్పుడు ఎవరి ఫోనులో చూసినా వందల గొంతులున్నాయి, పాటకి వేలైనా కదపక్కర్లేదు, నోటితో అడిగితే పాడే పెట్టెలొచ్చాయి. కోటబొమ్మాళి వెళ్లినప్పుడు నేను మాత్రం అప్పతో చెప్పవలసినవన్నీ కాగితం మీద రాసి చూపిస్తాను. ఆమె చదివి, నవ్వి, తలాడిస్తుంది. వినబడిన బావ మాటకి మా అప్ప నోరారా బదులు చెప్పడం ఆ 'పడ్డాదయ్యా'తోనే ఆఖరని ఆ రోజు మాలో ఎవరికీ తెలియదు.