తలుపు వెనక మూడో పేరు

టైగ్ లీహేన్ కప్పు వేసిన ఇల్లు కురిసిందని ఆ ఊళ్ళో ఎవరూ అనలేదు. నలభై ఏళ్ళు ఊరందరి ఇళ్ళకూ గడ్డి కప్పాడు. వానొస్తే గిన్నెలు పరుచుకోవలసింది తన ఇంట్లోనే.

"ఊరి కప్పులన్నీ నీవే, నా నెత్తిన మాత్రం ఆకాశం," అని దెప్పేది భార్య హనోరా.

"కప్పేస్తాలేవే, ముందు ఫాదర్ గారి కొట్టం కానీ," అనేవాడు. పెళ్ళయిన నాటి నుంచీ అదే మాట.

ఆ చలికాలం దేశాన్నేలే పరాయి పటాలం హుకుం వచ్చింది. ఇంట్లో ఉండేవాళ్ళ పేర్లు కాగితం మీద రాసి తలుపు వెనక అంటించాలి. టైగ్ మూడు పేర్లు రాశాడు: తనది, హనోరాది, ఒక్కగానొక్క కొడుకు ఫినీన్‌ది. నెల తిరక్కుండానే ఫినీన్ నెమ్ము చేసి చనిపోయాడు. ఇరవై రెండేళ్ళు వాడికి.

టైగ్ పెన్సిల్ తీస్తే హనోరా కాగితానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"కొట్టెయ్యకయ్యా. సమాధి మీద రాయి వేయించే స్తోమత మనకెటూ లేదు. వాడి పేరున్నది దీనిమీదే."

టైగ్ పెన్సిల్ చెవిమీద పెట్టుకుని పోయాడు. పెళ్ళానికి ఎదురు చెప్పే మనిషి కాడు. ఆ ఒక్కసారి చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఏప్రిల్లో, తిరగబడ్డ మనవాళ్ళు వంతెన దగ్గర పటాలం లారీ మీద కాల్పులు జరిపారు. ఇద్దరు సిపాయిలు చచ్చారు. కాల్చినవాళ్ళు కొండలెక్కేశారు, సిపాయిలకు దొరికింది ఊరు. మధ్యాహ్నం టైగ్, హనోరా బంగాళాదుంపలు తింటుంటే తలుపు తోసుకొచ్చారు. ఆఫీసరు కాగితం చదివాడు.

"ముగ్గురని ఉంది. ఫినీన్ ఏడీ?"

"చనిపోయాడండీ," అన్నాడు టైగ్.

"చచ్చినవాడి పేరు ఇంకా ఎందుకుంది?"

హనోరా లేవబోయింది. టైగే అందుకున్నాడు. "మర్చిపోయానండీ. ముసలితనం. పాతిపెట్టింది ఫాదర్ గారే, కావలిస్తే అడగండి."

అడిగే ఓపిక వాళ్ళకెక్కడిది? "కొడుకు కొండల్లో ఉంటే తండ్రి చాల్లే," అన్నాడు ఆఫీసరు. టైగ్‌ను పెరట్లోకి ఈడ్చుకెళ్ళారు. సొంత ఇంటికని ఈసారి నిజంగానే గడ్డి తెచ్చి పెట్టుకున్నాడు. ఆ మోపుల పక్కనే నిలబెట్టి కాల్చేశారు.

వేసవిలో ఊరంతా చందాలేసుకుని సమాధి మీద రాయి నిలబెట్టింది. పక్కింటి షీలా పిలవడానికొచ్చింది.

"రా వదినా, చూద్దువుగాని. అన్నయ్య పేరు కింద ఫినీన్ పేరు కూడా చెక్కించాం."

"వాడి పేరు ఉంచమని అడిగింది నేనే కదా," అంది హనోరా.

రాయి చూడ్డానికి వెళ్ళలేదు. వాన పడుతోంది. గిన్నె నిండితే పారబోసి, మళ్ళీ అక్కడే పెట్టింది.