నవ్వడానికి వదిలిన చోటు

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. సారు గురించి రాయడానికి ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు వందలమంది ఉన్నారు. కాలేజీ గేటు పక్కన జిరాక్స్ షాపు పెట్టుకున్న నేను రాయకపోతే ఎవరికీ లోటు లేదు. పైగా నేను రాయాల్సిన దాంట్లో మెచ్చుకోదగ్గ భాగం ఆయనది, మిగిలింది నాది. కానీ ఆయన పోయిన రోజు నేను చేసిన పనొకటి నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

పోయిన నెల ఒక ఉదయం షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ మోగింది. సారు ఎకనామిక్స్ గ్రూపులో, సారు నంబరు నుంచే మెసేజ్. ‘నాన్నగారు తెల్లవారుజామున గుండెపోటుతో వెళ్లిపోయారు.’ వాళ్లమ్మాయి పెట్టింది. ఆ గ్రూపులో సారు తప్ప ఇంకెవరూ రాయడానికి వీల్లేదు. ఎందుకలా అయిందో తర్వాత చెబుతాను. అందుకని రెండొందల పైచిలుకు మందిమి ఒక్క మాటా రాయలేక మెసేజ్ కింద బొమ్మలు నొక్కుతున్నాం. దండం పెట్టే చేతులు, ఏడ్చే మొహాలు. నేనూ దండమే నొక్కాననుకున్నాను. కళ్లజోడు పెట్టుకుని చూస్తే, అన్ని దండాల మధ్యన పగలబడి నవ్వుతున్న మొహం ఒకటుంది. అది నాది. గబగబా మార్చాను. ఆయనను చూసి నేను నవ్వడం అది రెండోసారి. మొదటిసారి నవ్వింది పొరపాటున కాదు.

నా చదువు సంగతి కాస్త చెప్పి ముందుకు పోతాను. పక్కదారే, కానీ సారు నాకు దొరికింది ఆ పక్కదారిలోనే. గోపన్‌పల్లిలో మాకు నాలుగు బర్రెలుండేవి. కొట్టం ఉన్నచోటే ఇప్పుడు షాపు. బడి ఎనిమిదో తరగతితో ఆపేశాను. మిగతా చదువంతా జిరాక్స్ మెషీన్ మూత ఎత్తినప్పుడల్లా కంటబడ్డ పేజీల్లోదే. దీంతో చిక్కేమిటంటే, పిల్లలు పుస్తకమంతా తీయించరు, ముఖ్యమైన ప్రశ్నలే తీయిస్తారు. కాబట్టి ఏ సబ్జెక్టూ నాకు మొదలూ చివరా తెలియదు. పరీక్షలో వచ్చేది మాత్రం తెలుసు.

ఒకరోజు ఎవరో కొత్త లెక్చరర్ నోట్సు కట్ట తెచ్చారు. కాపీలు తీస్తూ చదువుతూ, ఉండబట్టలేక అడిగాను.

“సార్, రేటు పెరిగితే కొనేటోళ్లు తగ్గుతరని రాసిన్రు. మరి బంగారం రేటు పెరిగినకొద్దీ మా వాడకట్టోళ్లు దుకాణం మీద పడుతున్రు. గిదేంది?”

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. “ఈ ప్రశ్న మా క్లాసులో ఒక్కరూ అడగలేదండీ బాబాయ్‌గారూ,” అన్నారు. అరగంట చెప్పారు. వెనక పిల్లలు వరస కట్టి గొణుగుతున్నా లేవలేదు. కోస్తా మనిషి, ‘అండీ’ లేకుండా మాట ముగించేవారు కాదు. ఆ రోజు నుంచి నేను ఆయనకు బాబాయ్‌ని, స్టూలు ఆయనది.

మా కాలేజీలో ఫోన్‌లో పాఠాలు మిగతావాళ్లూ చెప్పారు. లింకు పంపడం, పీడీఎఫ్ చదవడం, లింకు మూయడం. ఈయన తీరు వేరు. పిల్లల్లో సగం మంది పొద్దున క్లాసు విని, నానక్‌రామ్‌గూడ షేర్ ఆటో ఎక్కి పనులకు పోయేవాళ్లు. వాళ్లు ఆటోలో చూసుకోవడానికని నిమిషం వీడియోలు చేసేవారు. కోకాపేట టవర్ల ముందు నిలబడి, “ఇన్ని ఇళ్లు ఖాళీగా ఉన్నా కిరాయిలు ఎందుకు తగ్గవండీ? జవాబు రేపు. ఈలోగా మీ ఇంట్లో గొడవ పడండి,” అని కట్ చేసేవారు. లైవ్ క్లాసులో అటెండెన్సు తీసుకునేవారు కాదు. “అటెండెన్సు నాదండీ. నేను వచ్చానో లేదో మీరు చూసుకోండి,” అనేవారు. ఆ మాట నాకు అప్పుడు వేడుకగా అనిపించింది. ఇప్పుడు అంత తేలిగ్గా తలచుకోలేను.

నోట్సు గ్రూపులో పెట్టడం మొదలయ్యాక నా షాపులో కట్టలు తగ్గాయి. నాకంటే ముందు ఆయనే కనిపెట్టారు. “మీ పొట్ట కొడుతున్నానేమోనండీ,” అని నొచ్చుకున్నారు. ఫోన్‌లో చదవలేనివాళ్లు ప్రింట్లు నా దగ్గరే తీసుకోవాలని గ్రూపులో రాశారు. ఆ వంకతో నన్నూ గ్రూపులో చేర్చారు. ప్రింట్లన్నది పైకి చెప్పిన మాటే. నాకు పాఠం వినాలని ఉందని ఆయనకు తెలుసు, అడగడానికి నామోషీ అనీ తెలుసు. ఇంత చేసినా, పోయిన కట్టల కినుక నా కడుపులో ఓ మూల ఉండిపోయింది. మనిషి కడుపు అలాంటిది. మేలు వేరే అరలో పెట్టుకుంటుంది.

ఒకసారి స్టూలు మీద కూర్చుని అన్నారు: “క్లాసురూములో మొహాలుంటాయి బాబాయ్‌గారూ. ఫోన్‌లో నల్లటి డబ్బాలే. అందరూ మైకులు ఆపుకుంటారు. జోకు చెబితే నవ్వారో లేదో తెలియదు. ఆగకుండా పోతే, నవ్వేవాడు నవ్వుతుండగా తర్వాతి మాట పోతుంది. అందుకని నవ్వడానికి చోటు నేనే వదులుతున్నానండీ. ఎంత వదలాలో ఇంట్లో సాధన చేస్తున్నాను.”

అది నాకు చెప్పారు. ఇంకెవరికైనా చెప్పారో లేదో తెలియదు. ఇక నేను చేసిన పని.

పొద్దున ఏడింటికి లైవ్ క్లాసు. లింకు నొక్కితే ఎవరైనా నేరుగా లోపలికి పోవచ్చు. నేను ముందే తెరిచి పెట్టుకునేవాణ్ని. ఆ రోజు తెరిచేసరికి సారు ఒక్కరే ఉన్నారు. ఎవరూ రాలేదనుకున్నట్టున్నారు. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ. గోడకేసి పాఠం చెబుతున్నారు. తిన్నకొద్దీ తృప్తి తగ్గుతుందనే సూత్రం.

“మొదటి మిరపకాయ బజ్జీని ఆకలి తింటుంది. రెండోదాన్ని నాలుక తింటుంది. మూడోదాన్ని మొహమాటం తింటుంది. నాలుగోది…” ఆగారు. “నాలుగోది మిమ్మల్నే తింటుంది.” ఇక చూడండి, చెయ్యి ముందుకు పెట్టి వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టుకున్నారు. ఒకటి, రెండు, మూడు. తల అడ్డంగా ఊపి మళ్లీ మొదటి బజ్జీ నుంచి మొదలుపెట్టారు. అలా మూడుసార్లు. మూడోసారి, ఆ వదిలిన చోటులో, తనే కొంచెం నవ్వుకున్నారు.

షాపులో ఫైళ్లు తెప్పించుకునే రెండో ఫోన్ నా చేతిలోనే ఉంది. పక్కన మెషీన్‌లో ఎవరిదో కట్ట నడుస్తోంది. ఈ ఫోన్‌తో ఆ ఫోన్‌ను వీడియో తీశాను. ‘చూడున్రి, నవ్వు కూడ లెక్కపెట్టి ఇస్తుండు’ అని రాసి, మా చాయ్ దోస్తుల గ్రూపులో వేశాను. మేం ఆరుగురమే. ఆరుగురే కదా అనుకున్నాను. నవ్వే బొమ్మ కూడా పెట్టాను.

ముగ్గురు పిల్లలు అది నాకే చూపించడానికి వచ్చేసరికి రెండు రోజులు కూడా కాలేదు. ఎవరో సారు వేళ్ల లెక్కకు జనం గొల్లుమన్న చప్పుడు అతికించారు.

“తాతా, ఇది చూసినవా? మస్తుంది!”

“ఏందిరా అది?” అన్నాను, కొత్తగా చూస్తున్నట్టు.

“మన ఎకో సారే! ఎవడు తీసిండో గానీ, కిరాక్ తీసిండు.”

“ఎవనికి పని లేదో,” అని నేనూ నవ్వాను. సరిగ్గా అప్పుడు సారు మెట్లెక్కారు. చూపిస్తున్నవాడు బెదిరి ఫోన్ జేబులో దోపుకున్నాడు గానీ వీడియో ఆపలేదు. వాడి జేబులోంచి సారు గొంతు ‘నాలుగోది’ అంది. జనం గొల్లుమన్నారు.

సారు ఆసాంతం విన్నారు. “నవ్వు ఒక సెకను ముందొచ్చిందండీ,” అన్నారు. పిల్లలు జారుకున్నారు. ఆయన కాగితాలు నాకిచ్చి స్టూలు మీద కూర్చోకుండా నిలబడ్డారు. నా మెషీన్‌కు ఒక రోగం ఉంది, నాలుగు కాగితాలకోసారి రోలర్ కుయ్యిమంటుంది. ఏళ్ల తరబడి వినీ వినీ నాకది వినపడటం మానేసింది.

“బాబాయ్‌గారూ, ఆ రోలర్ మార్పించండి. మా ఇంటి దాకా వినపడుతోంది.”

“మూడు కిలోమీటర్లు ఎట్ల ఇనపడుతది సార్?” అని నవ్వాను.

“ఈ రోజుల్లో ఎంత దూరమైనా వినపడుతుందండీ,” అన్నారు.

మర్నాటి పాఠంలో బజ్జీలు లేవు. పుస్తకంలో ఉన్న సూత్రం ఉన్నట్టు చదివారు. ఎక్కడా ఆగలేదు. గ్రూపు నిండా ఆయన వేళ్లు ముడిచే బొమ్మలు పడుతుంటే, ఇంకెవరూ రాయకుండా మార్చేశారు. నోట్సు మానలేదు, నిమిషం వీడియోలు మానలేదు. అందులో గొడవ పడమనే మాట మాత్రం మళ్లీ వినలేదు. కొన్నాళ్లకు స్టూలు దగ్గరికీ వచ్చారు. ఎప్పటిలాగే నేనడిగిందానికల్లా ఓపిగ్గా చెప్పారు. చెప్పేయడానికి నాకు రెండేళ్లు దొరికాయి. షాపులో జనం ఉన్నారని ఒకసారి, ఎవరూ లేరని ఒకసారి ఊరుకున్నాను.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. కథలు బాగా చెబుతానని మా వైపు నాకు పేరుంది. మా బర్రె సర్పంచి కుర్చీ నమిలిన కథ అడిగి మరీ చెప్పించుకుంటారు. దాన్ని స్నానం చేస్తూ ఎన్నిసార్లు చెప్పుకుని చూశానో, ‘కుర్చీ’ ముందు ఎంతసేపు ఆగాలో ఎలా తేల్చుకున్నానో నాకు తెలుసు. నా సాధనను తలుపేసుకుని దాచుకున్నవాణ్ని, ఆయనది మాత్రం ఊరికి చూపించాను.

ఆయన పోయిన రోజు షాపు మూసి ఇంటికి పోయాను. నేను తీసిన వీడియోను ఆ మధ్యాహ్నం వెతికి పెట్టాను. ఎప్పుడు చూసినా షాపులో, మెషీన్ పక్కన చూసినదే. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. సారు మూడోసారి ఆగి, వేళ్లు ముడుస్తూ కొంచెం నవ్వుకుంటున్నప్పుడు, ఆయన వదిలిన ఆ చోటులో, కుయ్యిమంది నా రోలర్.

పదో రోజున మేడమ్ వచ్చారు, సారు భార్య. పెద్దకర్మ కాగితం, మీద సారు ఫోటో. “నలభై కావాలి బాబాయ్‌గారూ,” అన్నారు. ఆమెకు చెప్పాలని రాత్రంతా మాటలు కూర్చుకుని ఉన్నాను. అవి నోటికి రాకముందే నాలుగో కాగితం వచ్చింది, మెషీన్ కుయ్యిమంది. ఆమె తలెత్తి మెషీన్‌ను చూశారు.

“ఈ చప్పుడేనా?”

“ఇదేనమ్మా. ఆ వీడియో నేనే తీసిన,” అన్నాను.

“మీరేనని ఆయన అప్పుడే అన్నారు,” అన్నారు ఆమె. “మిగతావి తీయండి, ఆటో ఆగి ఉంది.”

తీశాను. ఒకటి మసకగా వచ్చింది. అది పక్కన పెట్టి, దాని బదులు ఇంకొకటి తీసి ఇచ్చాను. ఆమె కవర్లో పెట్టుకుని ఆటో ఎక్కారు.