రిలీవరు రాని సోమవారం

2004 అక్టోబరు 4, సోమవారం, మధ్యాహ్నం రెండు గంటలు. ఉదయం నుంచి తెరిపి లేని వాన. ముక్త్యాల దగ్గర సిమెంటు కర్మాగారంలో షిఫ్ట్ కెమిస్టుగా నా పని అప్పటికి ముగియాలి. నాలుగింటికి జగ్గయ్యపేట నెట్ సెంటరులో నా ఆన్‌లైన్ కంప్యూటర్ మాస్టర్స్ ఆఖరి పేపరు. వ్యవధి గంటన్నర; ఎప్పుడు కూర్చున్నా అయిదున్నరకే ముగుస్తుంది.

నాకు నలభై నాలుగేళ్ళు. గంటకో శాంపిల్ తీసి ముడిపిండిలో సున్నం శాతం తేల్చడం నా వృత్తి. హైదరాబాదులోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ, నలభై అయిదు నిండేలోగా పట్టా చూపితే ఉద్యోగమిస్తామంది. నాకు జనవరిలో నిండుతాయి. తప్పితే మళ్ళీ పరీక్ష ఏప్రిల్లోనే.

ప్రోగ్రాములో తప్పు దొరికితే దిద్ది మళ్ళీ నడపవచ్చు. సిమెంటులో ఆ వీలు లేదు. ముడిపిండి కాలి గడ్డకట్టి క్లింకరు అయ్యాక, కాలింది కాలినట్టే. ఆ దిద్దుకునే పని కోసం రెండేళ్ళు తపించాను.

రిలీవరు, అంటే తరువాతి షిఫ్ట్ మనిషి, వచ్చి బాధ్యత తీసుకునేదాకా కెమిస్టు ల్యాబ్ విడవరాదు. పైగా పిండిని కాల్చే కొలిమి కిల్న్‌ను మరమ్మతు తరువాత ఆ ఉదయమే వెలిగించారు. పెనుగంచిప్రోలు నుంచి రావలసిన రిలీవరు ఫోన్ చేశాడు: “మున్నేటి చప్టా మీద నీళ్ళండీ, చుట్టు తిరిగి వస్తున్నా.”

కిల్న్ ఆపరేటరు సత్యం నన్ను తొందరపెట్టాడు. “మీరెళ్ళండి సార్. సున్నం ఎంతని అడిగితే నిన్నటి అంకే చెప్పేస్తా!”

“అందుకే వెళ్ళలేనయ్యా,” అన్నాను.

రిలీవరు మూడు యాభైకి వచ్చాడు. ఫలితాలు అప్పగించి, సిమెంటు లారీ ఎక్కి, నాలుగు ముప్పై అయిదుకు నెట్ సెంటరు చేరాను. అక్కడ ఉన్నది ఒకే టెలిఫోను లైను. నెట్‌కైనా, ఎస్టీడీకైనా అదే. గుంటూరుకు ఫోన్ చేయాలని ఒక రైతు పట్టుబడుతున్నాడు. సెంటరు నడిపే మరియమ్మ నాకోసం ముందే నెట్ కలిపి, లైను వదలకుండా కూర్చుంది.

“మిర్చి రేటు రేపూ ఉంటది బాబాయ్, కెమిస్టుగారి పరీక్ష ఇవాళే,” అంటోంది. నన్ను చూసి, “కూర్చోండి అన్నయ్యగారూ, తల తర్వాత తుడుచుకోవచ్చు,” అంది.

మిగిలిన యాభై అయిదు నిమిషాలూ రాశాను. చివరి మూడు ప్రశ్నలు చదవనైనా లేదు.

ఏప్రిల్లో, ఉద్యోగం మాట లేకపోయినా, ఊరికే రాయాలని చాలా ఉండింది. రాయలేదు. పదవీ విరమణ దాకా అదే ల్యాబ్‌లో పనిచేశాను. రిలీవరు వచ్చాకే షిఫ్ట్ ఉద్యోగికి తన సమయం తనదవుతుంది; అంతకుముందు వేసుకునే లెక్క ఏదీ నిలవదని అప్పుడు తెలుసుకున్నాను.

పది పేపర్లలో తొమ్మిదింట ఉత్తీర్ణుడినయ్యాను. పదోదానికి యాభై కావాలి. నలభై ఆరు వచ్చాయి.