తాళం లేని గదిలో మూడు పాఠాలు

మా అత్తయ్య టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఒక్కేళ్లు ఆపరేటరుగా పనిచేసింది. ఊరందరి రహస్యాలూ చెవిన పడ్డాయి కానీ ఒక్కటీ నోరు దాటలేదు. ఇంట్లో మాత్రం దేనికైనా తాళం వేస్తే ఊరుకోదు. "దాచాల్సినవన్నీ పరాయివాళ్లవి. మన దగ్గర దాచడానికేముంది?" అంటుంది. నా పెళ్లయిన వారానికే నా బీరువా తాళంచెవి గోడమేకుకు వేలాడింది. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత నేనూ ఆ మేకుకు అలవాటుపడ్డాను.

రిటైరయ్యాక ఆవిడ గొంతుకి కొత్త పని దొరికింది. రెండు వీధుల అవతల చూపు లేని అమ్మాయి ఒకతి చదువుకుంటోంది. ఆ పిల్ల పాఠాలను అత్తయ్య మేడమీద గదిలో కూర్చుని చదివి, అక్కడి కంప్యూటర్లో రికార్డు చేస్తుంది. కింద హాల్లో ఇంకో కంప్యూటరు మా మావయ్యగారిది. పైనున్న పాఠాల ఫోల్డరు కింద కూడా తెరుచుకునేలా రెండింటినీ మా ఆయన కలిపిపెట్టారు. మావయ్యగారు ఆ పాఠాల్లోంచి దగ్గులూ కుర్చీ కిర్రులూ ఏరి తీసేస్తారు. పైది పాత కంప్యూటరు. పెన్‌డ్రైవ్ పెడితే గుర్తుపట్టడం మానేసి ఏడాదైంది. అందులోంచి ఏది బయటికి రావాలన్నా కింది కంప్యూటరు దారినే రావాలి.

ఆ ఆదివారం సాయంత్రం ఐదింటికి ఆ పిల్ల తల్లి వచ్చి చివరి మూడు పాఠాలూ తీసుకెళ్లాలి. మర్నాడే భూగోళం పరీక్ష. మూడింటికి మావయ్యగారు ఫోల్డరు తెరవబోతే తెర మీద ఏదో రాసున్న గడి ప్రత్యక్షమైంది. ఆయన దాన్ని టక్కున మూసేశారు. మళ్లీ నొక్కారు, మళ్లీ వచ్చింది, మళ్లీ మూసేశారు.

"ఏమోయ్, పాఠాలు రావట్లేదు."

అత్తయ్య కొంగు దోపుకుని దిగింది. మా ఆయన డ్యూటీలో ఉన్నారు, ఫోనెత్తరు. ఇంట్లో ఉన్నా ఆవిడ అడిగేది కాదు.

"ముందు మన చివర, తర్వాత తీగ, ఆ తర్వాత అవతలి చివర. వరస తప్పొద్దు," అని నన్ను మెట్ల మీద నిలబెట్టింది. పైన ఏం కనబడుతోందో కిందికి, కింద ఏం జరిగిందో పైకి చేరవేయడం నా ఉద్యోగం. వెనకాల వైరు గట్టిగానే ఉంది. రౌటరు దీపాలు వెలుగుతున్నాయి. అయినా దాన్ని ఆపి, అరవై అంకెలు లెక్కపెట్టి, మళ్లీ వేయించింది. రెండింట్లోనూ ఇంటర్నెట్ వస్తోంది. కింది జాబితాలో పైదాని పేరు కూడా కనిపిస్తోంది. ఫోల్డరు మాత్రం తెరుచుకోదు. పదకొండుసార్లు ఎక్కి దిగాను. మోకాళ్లు నావి, పెత్తనం ఆవిడది.

"లైను బాగుంది. నిన్నటిదాకా పలికింది, ఇవాళ పలకట్లేదంటే మధ్యలో ఎవరో చెయ్యి పెట్టారు," అని విచారణ మొదలుపెట్టింది. పొద్దున నేను గుడ్డపెట్టి దుమ్ము తుడిచాను కాబట్టి మొదటి ముద్దాయిని నేనే. మావయ్యగారు మౌసు కింద అట్ట మార్చారట, ఆయన రెండో ముద్దాయి.

నాలుగు దాటాక ఆ పిల్ల తల్లి ఫోన్ చేసింది. "పొద్దుట్నించీ మీ పాఠాల కోసమే కూర్చుందండీ. మిగతావన్నీ నోటికి వచ్చేశాయంట, ఆ మూడే మిగిలాయి."

"వచ్చేయండి, ఐదింటికల్లా ఇస్తాం," అని పెట్టేసింది అత్తయ్య. పెట్టేశాక మాత్రం ఆవిడ మొహం చూడలేకపోయాను. మాట ఇచ్చి తప్పిన మనిషి కాదు.

అప్పుడు నాకు తట్టింది. ఇంతసేపూ ఆ గడిలో ఏముందో ఒక్కరమూ చదవలేదు. గుమ్మంలోకి సామాన్లు అమ్మేవాళ్లొస్తే ఎలా తలుపేస్తారో మావయ్యగారు దాన్నీ అలాగే మూసేస్తున్నారు.

"మావయ్యగారూ, ఈసారి మూయకండి," అని ఆయన చెయ్యి పట్టుకుని మరీ చదివాను. పాస్‌వర్డ్ ఖాళీగా ఉన్న ఖాతాతో బయటి నుంచి లోపలికి రానివ్వనని ఉంది.

"అత్తయ్యా, పైదాని పాస్‌వర్డ్ ఏమైనా..."

"నిన్న తీసేశాను."

"ఎవరు చెయ్యి పెట్టారని ఇందాకట్నించీ మమ్మల్ని అడుగుతున్నారుగా?"

"నేనేం పెట్టలేదే. తీసేశానంతే."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఇంటికి తాళం లేకపోతే ఎవరైనా రావచ్చని ఆవిడ లెక్క. తాళం లేని ఇంటికి దారే ఇవ్వనని కంప్యూటరు లెక్క. కింద ఫోల్డరు తెరిచినప్పుడల్లా పైదాని పాస్‌వర్డ్ కొట్టాలి, మావయ్యగారికేమో అది గుర్తుండదు. ముందురోజు అత్తయ్య మూడో పాఠం చదువుతుండగా మావయ్యగారు కింది నుంచి "ఏమోయ్, పాస్‌వర్డ్ ఏంటీ?" అని కేకేశారట. అది ఆ రోజుకి నాలుగోసారి.

"కోపం వచ్చిందా?" అన్నాను.

అత్తయ్య గొంతు తగ్గించింది. "కోపం కాదే. అడిగిన ప్రతిసారీ ఆయన చిన్నబోతున్నారు. అసలు అదే లేకపోతే అడిగే పనుండదు కదా అని."

నాకు ఆవిడ మీద ఉన్న విసుగంతా అక్కడే దిగిపోయింది.

మళ్లీ పాస్‌వర్డ్ పెట్టాలి, మావయ్యగారు మరిచిపోనిది కావాలి. పుట్టినరోజులన్నాను. ఆయనకు తనదే గుర్తుండదు. మేం తర్జనభర్జన పడుతుంటే ఆయన తలెత్తకుండానే "నలభై ఏడు ఇరవై ఒకటి" అన్నారు.

అత్తయ్య చటుక్కున ఆయన వైపు తిరిగింది. పెళ్లికి ముందు మావయ్యగారు కలప డిపోలో గుమాస్తా. రోజూ ఎక్స్ఛేంజికి ఫోన్ చేసి అడిగిన నంబరు అది.

"ఎప్పుడూ ఎంగేజే," అంది అత్తయ్య నాతో. "అయినా మానేవారు కాదు."

"ఎంగేజని చెప్పే గొంతు బాగుండేది," అన్నారాయన.

నేను పైకెళ్లి ఆ అంకెలు పెట్టాను. కింద మావయ్యగారు కొట్టారు, ఎవర్నీ అడక్కుండా. ఫోల్డరు తెరుచుకుంది. రెండు పాఠాలు శుభ్రం చేసేసరికి గుమ్మంలో గంట మోగింది. మూడోది ఉన్నదున్నట్టే వెళ్లిపోయింది, మావయ్యగారి కేకతో సహా. తన గొంతు మధ్యలో ఇంకో గొంతు దూరిన పాఠం గడప దాటిందని అత్తయ్య ఆ రాత్రి ఆయనతో మాట్లాడలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆ పిల్లే ఫోన్ చేసింది. "సముద్రపు గాలి ప్రశ్న వచ్చింది బామ్మగారూ. మొదట ఒక్క ముక్కా గుర్తురాలేదు. 'పగలు నేల త్వరగా వేడెక్కుతుంది' అన్నాక తాతగారు పాస్‌వర్డ్ ఏంటని అరిచారు చూడండి, ఆ కేక గుర్తొచ్చింది. దాని వెనకే మీరు చెప్పిందంతా వచ్చేసింది. కష్టమైన చోటల్లా తాతగారిని అరవమనండి."

ఇప్పుడు పాస్‌వర్డ్ మావయ్యగారు జన్మలో మరిచిపోనిది. అయినా పాఠానికొకసారి కింది నుంచి "ఏమోయ్, పాస్‌వర్డ్ ఏంటీ?" అని వినిపిస్తూనే ఉంటుంది. అత్తయ్య చదవడం ఆపి, ఆ కేక పూర్తయ్యేదాకా ఆగి, మళ్లీ మొదలుపెడుతుంది.