గంగులు తల ఊపిన సంగతి

ఆ మంగళవారం ఉదయం గంగులు తల ఊపాడు. దేనికి ఊపాడో అతనికి తెలియదు.

లేతు మిషను మోటారు తిరుగుతూనే ఉంది. విజయనగరం నుంచి వచ్చిన సంగీతం టీచరు కన్యాకుమారి గుమ్మంలో నిలబడి, గుడ్డలో చుట్టి తెచ్చిన జానెడు చెక్కముక్కను రెండు చేతులతో అతనికి అందించింది. అది పోయిన సంవత్సరం కాలం చేసిన తన తల్లి వీణకు మెట్లు అమర్చే దండిలోదనీ, ఇల్లు మారుతున్నప్పుడు వీణ పడి దండి విరిగిందనీ, ఆ వీణను చేసింది గంగులు తండ్రి కూర్మయ్యేననీ చెప్పింది. దీనితో ఒక్క పెన్ను చేసిపెడితే రోజూ చేతిలో ఉంటుందంది. ఇవన్నీ అతని ముఖంలోకి చూస్తూ గట్టిగా అంది గనక అందాయి. ఆ తరువాత ఆవిడ తల వంచుకుని, చెక్క అంచున వేలు ఆన్చి, మరో రెండు మాటలు చెప్పింది. పెదవులు కదలడం అతను చూశాడు. మాటలు మాత్రం మోటారు హోరులో కలిసిపోయాయి.

మోటారు కట్టేసి ‘ఏటన్నారమ్మా’ అని అడిగితే సరిపోయేది. గంగులు అడగలేదు. తల ఊపాడు. ఆవిడ దాన్ని మాట ఇచ్చినట్టుగానే తీసుకుంది. ఎవరైనా అలాగే తీసుకుంటారు. వచ్చే మంగళవారం వస్తానని వేళ్లతో వారం లెక్కపెట్టి చూపి, నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

భార్య గున్నమ్మ ఇంట్లో ఉంటే వినేదే. సంతకు వెళ్లింది.

బొబ్బిలిలో వీణలు చేసే ఇళ్ల వరుసలో చివరి ఇల్లు గంగులుది. కూర్మయ్య పనస మొద్దును తొలిచి వీణ చేసేవాడు. కొడుక్కి మాత్రం లేతు మీద చెయ్యి తిరిగింది. ముప్పై ఏళ్లు వీణలకు బిరడలు, అంటే తీగలు బిగించే చెక్కమేకులు, అతనే చేశాడు. బిరడలు అడిగేవాళ్లు తగ్గిపోయాక, నాలుగేళ్ల కిందట, రెండువేల పన్నెండులో, రాజాంలో పుస్తకాల కొట్టు నడిపే చంద్రమౌళి ఒక పెన్ను నమూనా తెచ్చి చూపించి, ఇలాంటివి చెయ్యగలవా అని అడిగాడు. అప్పటి నుంచి పెన్నులే అతని పని.

పని చెప్పుకోవడానికి సులువే. చెక్కముక్కకు నిలువునా బెజ్జం వేసి, అందులో ఇత్తడి గొట్టాన్ని జిగురుతో అతికించి, ఆ గొట్టం మీద చెక్క తమలపాకంత పలచనయ్యే దాకా లేతు మీద తిప్పుతూ ఉలితో చెక్కాలి. ఎంత పలచబడిందో కంటికి తెలియదు, చెవికి తెలుస్తుంది. దళసరిగా ఉన్నంతసేపూ ఉలి గరగరమంటుంది. పలచబడే కొద్దీ గొంతు సన్నబడి, చివరకు ఈలలా వస్తుంది. ఈల వచ్చిన క్షణంలో చెయ్యి ఆగాలి. ఆగకపోతే చెక్క చిట్లుతుంది.

ఆ ఈల గంగులుకు వినబడక రెండేళ్లయింది. ఉలి మొదలు దగ్గర బొటనవేలు ఆన్చి, అదురును బట్టి అంచనా కడుతున్నాడు. పదింటికి ఒకటి చిట్లుతోంది. ఆ ఒకదాన్ని ఎవరికీ చూపించడు. పెన్నుల పెట్టె మీద రాజాం కొట్టు పేరు ఉంటుంది గానీ చెక్కినవాడి పేరు ఎక్కడా ఉండదు. అలాంటివాడికి ఊళ్లో నలుగురూ అనుకునే ‘గంగులు చెయ్యి తప్పదు’ అన్న మాట ఒక్కటే దస్తావేజు. చెవుడు నేరం కాదు. అయినా నేరం చేసినవాడు జాడలు చెరిపినంత జాగ్రత్తగా అతను దాన్ని దాచుకున్నాడు.

మర్నాడు పొరుగింటి వీణల ఎర్రన్న గుమ్మంలోకి వచ్చి కూర్చున్నాడు.

“ఏరా, పెన్నుల దొరా! నాకు బిరడలు కావాలి. ఎన్నిస్తావు?”

గంగులు నవ్వుతూ తల ఊపాడు.

“ఊపుతావేటిరా, గంగిరెద్దులాగ? ఎన్నిస్తావని అడుగుతన్నాను!”

“ఎన్నంటే అన్ని. నీకు కాదంటానేటి బావా?”

“ఏడు సాలు. ఈణకి ఏడేగా, ఎక్కువిస్తే నానేటి సేసుకుంటాను” అని ఎర్రన్న బీడీ ముట్టించుకుని, బల్ల మీది చెక్కను చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూసి, అడుగున ఉన్న గోటిమొనంత గాటును వేలితో తడిమాడు. “మీ అయ్య తను సేసిన ఈణకి పెట్టే గాటురా ఇది! జాగ్రత్త. ఇలాటిది ఇంకెక్కడా దొరకదు.”

ఆ మాట మాత్రం గంగులుకు స్పష్టంగా వినబడింది.

కొలిచి చూశాడు. పెన్ను ఒంటికి ఒక ముక్క, మూతకు ఒక ముక్క కావాలి. ఈ చెక్కలో సరిగ్గా ఆ రెండే వస్తాయి. ఒకటి పాడైతే మరొకటి లేదు. పైగా టీచరమ్మ అంచున వేలు పెట్టి ఏమందో తెలియదు. గాటును ఉంచమందా? అంచును కోయవద్దందా? అసలు కొయ్యనే వద్దు, ఇలాగే ఏదైనా చెయ్యమందా? ఫోను చేసి అడగవచ్చు. కానీ ఎదుటి మనిషి మాటే అందనివాడికి ఫోనులో మాట అసలే అందదు. గున్నమ్మ చేత చేయిద్దామంటే, తానెందుకు చెయ్యడో ముందు ఆమెకు చెప్పాలి. బుధవారం గడిచింది. గురువారం చెక్కను రెండుసార్లు లేతు దాకా తీసుకువెళ్లి, రెండుసార్లూ మళ్లీ గుడ్డలో చుట్టేశాడు.

శుక్రవారం ఇక ఆగలేక కోశాడు. గాటు మూత మీదికి వచ్చేలా చూసుకున్నాడు. అంచులు చెక్కి గుండ్రం చేసి, బెజ్జం వేశాడు. డ్రిల్లు వేడెక్కగానే గదంతా మైనం వాసన కమ్మింది. వీణ మెట్లను నిలబెట్టేది మైనమే. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని కరిగించిన మైనం. ఆ వాసన పీలుస్తూ గంగులు పని సాగించాడు. ఇంకెవరైనా అయితే ఆ వాసనకు అనుమానపడి ఆగేవారు. అతనికి అది ఇంటి వాసన. జిగురు కలిపి, గొట్టాలు దూర్చి, ఆరబెట్టి లేచాడు. నేల మీది పొట్టును గున్నమ్మ ఎప్పటిలాగే ఊడ్చి, పెరటి పొయ్యిలోకి తీసుకుపోయింది.

కొంతసేపటికి వచ్చి, అతని వెనక నిలబడి, ఏదో అంది. అతను ఊఁ కొట్టాడు.

శనివారం పొద్దున్న ఒంటి ముక్కను లేతుకెక్కించాడు. బొటనవేలు ఉలికి ఆన్చాడు. పైపొర పోయి లోపలి పసుపురంగు బయటపడింది. ఇంకొంచెం. అదురు సరిగానే ఉందనిపించింది. ఇంకొంచెం. ఉన్నట్టుండి భుజం పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి స్విచ్చి కట్టేసింది. తడిచేతులతో గున్నమ్మ రొప్పుతోంది.

“పెరట్లోంచి అరస్తన్నాను, ఇనబడదా! లోపల గొట్టం కీచుమంటన్నాది!”

మిషను నెమ్మదించి ఆగింది. గంగులు ముక్కను పట్టుకుని తిప్పాడు. చెక్క ఒకవైపు, గొట్టం ఒకవైపు తిరిగాయి. జిగురు పట్టలేదు. చివరన వెంట్రుకంత చీలిక కనిపించింది.

“జిగురు కొత్తదే” అన్నాడు, తనలో తాను అనుకున్నట్టుగా. “ఎందుకు ఒగ్గీసింది?”

“నిన్న సెప్పినాను కదా! ఆ పొట్టు పొయ్యిలో ఎయ్యగానే నెయ్యి పోసినట్టు గుప్పుమన్నాది, కుండంతా మసి పట్టీసింది, ఏటుందో ఆ సెక్కలో సూసుకో అన్నాను. ఊఁ అన్నావు!”

మైనం. నలభై ఏళ్లు మెట్ల కింద కూర్చున్న మైనం చెక్కలోకి ఇంకింది. మైనం పట్టిన చెక్కకు జిగురు అంటుకోదు. ఈ వీధిలో పుట్టిన ఎవరికైనా తెలియవలసిన విషయం. అందరికంటే ముందు అతనికి.

గంగులు ఉలిని బల్ల మీద పెట్టాడు. తరువాత, గోడను చూస్తూ అన్నాడు.

“ఇనబడలేదే.”

“తెలుసు.”

“ఏటి తెలుసు?”

“సెవుల సంగతి. నాకు తెలీదనుకున్నావేటి మావా? కుక్కరు ఆరు కూతలు కూసినా కదలవు. పిలిస్తే పలకవు గాని, కాఫీ గ్లాసు సూపిస్తే పరిగెట్టుకొస్తావు.”

“మరి సెప్పలేదేం?”

“సెపితే నా మీదకి లేస్తావు. నువ్వే సెపతావని సూసినాను. రెండేళ్లు సూసినాను.”

అప్పుడు అతను మంగళవారం సంగతి కూడా చెప్పాడు. టీచరమ్మ ఏదో అడిగింది, తాను ఒప్పుకున్నాడు, దేనికో తెలియదు. గున్నమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. “ఏటి అడిగిందో తెలీకుండా ఒప్పీసుకున్నావా? ఇల్లు రాసిమ్మన్నా ఊపీసుందువు!” అని, వెంటనే గొంతు తగ్గించి, “ముందు దీన్ని బతికించు” అంది.

గొట్టాలు ఊడదీశారు. కూర్మయ్య పాత పొందూరు పంచె ఒకటి పెట్టెలో ఉంటే, అంచు చింపి ముక్కలకు చుట్టి, బాణలిలో వేయించిన ఇసుకలో పాతిపెట్టారు. వేడికి మైనం చెమటలా పైకి వచ్చి గుడ్డకు పట్టింది. గుడ్డ మార్చారు. మళ్లీ ఇసుక వేడి చేశారు. ఆదివారం మధ్యాహ్నానికి గుడ్డ పొడిగా వచ్చింది. వేడికి చీలిక ఇంకా పెరుగుతుందేమోనని గంగులు ప్రతి గంటకూ తీసి చూశాడు. పెరగలేదు. మళ్లీ జిగురు పట్టించారు.

సోమవారం గున్నమ్మ లేతు పక్కన ముక్కాలి పీట వేసుకుని, ఈల రాగానే నొక్కేలా అతని ఎడమ భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది. ముప్పై ఏళ్లుగా వంట చేస్తూ, చేటలో బియ్యం చెరుగుతూ ఆమె ఆ ఉలి గొంతు వింటూనే ఉంది. వినడం తన పని అని ఎవరూ చెప్పలేదు, అంతే. గంగులు స్విచ్చి వేశాడు. ఉలి ఆన్చాడు. గరగర అతనికి లీలగా అందింది. ఆ తరువాతిదంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఆమె అరచేతి బరువు ఒక్కటే ఉంది. చెక్క తగ్గుతోంది. నొక్కదేం? మరిచిపోయిందా? ఇంకొంచెం పోతే ఇత్తడి కనిపిస్తుంది. చెమట కంట్లోకి దిగింది. వేళ్లు అతని భుజంలోకి గుచ్చుకున్నాయి. చెయ్యి ఆపేశాడు.

మూత కూడా అలాగే పూర్తయింది. చీలికలోకి తండ్రి వాడినట్టే నల్లమైనం నింపి రుద్దాడు; పసుపు చెక్క మీద సన్నని గీతగా మిగిలింది. గాటు మూత చివర, వేలికి తగిలేలా ఉంది.

మంగళవారం కన్యాకుమారి వచ్చింది. గంగులు మోటారు ముందే కట్టేశాడు. ఆవిడ పెన్ను తీసుకుని, మూత మీది గాటును వేలితో వెతికి పట్టుకుంది. సంచీలోంచి కాగితం తీసి తల్లి పేరు రాసింది. పాళీ ఎక్కడా ఆగలేదు. అప్పుడు తల వంచుకునే, కాగితం మడుస్తూ, ఏదో అడిగింది.

గంగులు తల కదలబోయింది. మెడ దగ్గరే ఆపుకున్నాడు. “ఏటన్నారమ్మా? నాకు ఇనబడదు. ఆ రోజు కూడా ఇనబడలేదు. ఊరికే తల ఊపినాను.”

ఆవిడ తలెత్తింది. ముఖం చూస్తూ, ఒక్కొక్క మాటే మళ్లీ చెప్పింది. “పొట్టు. చిటికెడు కూడా పారెయ్యకుండా దాచమన్నాను, గంగులు గారూ. అమ్మను నాగావళిలో కలిపాం. ఇది కూడా అక్కడే కలుపుదామని.”

గున్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. శనివారం నాటి పొట్టు, నిన్నటి పొట్టు మూలన సంచిలో ఉన్నాయి. మళ్లీ మంటలు లేచి చూరు అంటుకుంటుందేమోనన్న భయంతో వాటిని పొయ్యిలో వెయ్యలేదు, అంతకు మించి ఏ కారణమూ లేదు. శుక్రవారం నాటిది మాత్రం కాలిపోయింది. గంగులు ఏదీ దాచలేదు. మైనం, చీలిక, పొయ్యి, అన్నీ చెప్పాడు. “దాని మీద అన్నం వండుకున్నాం తల్లీ. తప్పు నాది. గున్నమ్మది కాదు.”

కన్యాకుమారి సంచి అందుకుని ఒళ్లో పెట్టుకుంది. ఫరవాలేదని అనలేదు. గోడ మీది బిరడల వరుసను చూస్తూ కూర్చుని, ఆఖరికి గున్నమ్మ వైపు తిరిగి చిన్నగా ఒక మాట అడిగింది.

“ఏటి? ఏటంటన్నారు?” అన్నాడు గంగులు.

“పొయ్యిలో బూడిదుందా అని అడుగుతన్నారు” అని గున్నమ్మ అతని చెవి దగ్గర గట్టిగా అరిచింది. “అమ్మనీ ముందు నిప్పులోనే పెట్టినాం కదా అంటన్నారు!”

ఆ అరుపుకు వీధిలో ఎర్రన్న ఆగి ఇటు చూశాడు. గంగులు అతన్ని చూశాడు, తన చెవుడు అతనికి తెలిసిపోవడమూ చూశాడు. మూలనున్న స్టీలు డబ్బా తీసుకుని పెరట్లోకి నడిచాడు. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, పైపైన ఉన్న తెల్ల బూడిదను పక్కకు నెట్టి, అడుగున నల్లగా, జిడ్డుగా ఉన్నదాన్ని వేళ్లతో వెతకడం మొదలుపెట్టాడు.